పసరు మందు ప్లేటెక్కితే: మూలికల సారాన్ని హెపటైటిస్ వైరస్ మీద పరీక్షించే పద్ధతి

విశాఖ చుట్టుపక్కల ఎవరికైనా కళ్లు పచ్చబడ్డాయంటే డాక్టరు కంటే ముందు గుర్తొచ్చేది పసరు మందు. పరగడుపున మూడు రోజులు తాగాలి, నూనె ముట్టకూడదు, ఉప్పూ కారం మానాలి. నెల తిరిగేసరికి మనిషి తేరుకుంటాడు. మందు పనిచేసిందని ఊరంతా చెప్పుకుంటారు. చిక్కు ఇక్కడే ఉంది. హెపటైటిస్ ఏ, ఈ వైరస్‌ల వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో వాటంతట అవే తగ్గిపోతాయి. పెద్దవాళ్లకు కొత్తగా సోకిన హెపటైటిస్ బీని కూడా నూటికి తొంభై మందికి పైగా శరీరమే వదిలించుకుంటుంది. వాళ్లు పసరు తాగినా మజ్జిగ తాగినా తేరుకునేవాళ్లే.

అలాగని కొట్టిపారేయడానికీ లేదు. 1988లో మద్రాసు పరిశోధకుడు త్యాగరాజన్ బృందం, హెపటైటిస్ బీ వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బ్లమ్‌బర్గ్‌తో కలిసి లాన్సెట్ పత్రికలో ఒక ఫలితం ప్రచురించింది. నేల ఉసిరి పొడి 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు 30 రోజులు తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ సర్ఫేస్ ఆంటిజెన్ (వైరస్ పైపొర ప్రోటీన్) కనపడకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ప్రపంచమంతా నేల ఉసిరి వెంట పడింది. తర్వాత వేరే చోట్ల చేసిన ట్రయల్స్‌లో మాత్రం ఆ స్థాయి ఫలితం మళ్లీ రాలేదు. మొక్క జాతి తేడానా, కోసిన కాలం తేడానా, అసలు మొదటి ఫలితమే తేడానా అన్న వాదన మిగిలిపోయింది.

ఎమ్మెస్సీ, ఎంఫార్మసీ ప్రాజెక్టు చేసేవాళ్లకీ, పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లకీ ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. ఈ పనిలో శ్రమంతా ఒక్కచోటే ఉంది. మొక్క పనిచేయకపోయినా పనిచేసినట్టు కనిపించే దారులు బోలెడు ఉంటాయి, వాటిని ఒక్కొక్కటిగా మూసుకుంటూ పోవాలి.

ముందు వైరస్‌ని ఎంచుకోండి

"హెపటైటిస్ మీద పరీక్షించాం" అంటే ఏమీ చెప్పనట్టే. ఏ, బీ, సీ, డీ, ఈ అని అయిదు వైరస్‌లు ఉన్నాయి. కాలేయాన్ని పట్టుకోవడం తప్ప వాటి మధ్య చుట్టరికం లేదు. బీది డీఎన్ఏ, మిగతావాటిది ఆర్ఎన్ఏ.

సీ వైరస్‌కి ఇప్పుడు సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ లాంటి మాత్రలు ఉన్నాయి. 12 వారాల్లో నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ మందులు ఉచితం. అక్కడ మూలికతో పోటీ పడటం కష్టం. బీ సంగతి వేరు. టెనోఫోవిర్, ఎంటెకావిర్ వైరస్‌ని అణచి ఉంచుతాయే గానీ వేళ్లతో సహా పీకలేవు. కణ కేంద్రకంలో గుండ్రంగా చుట్టుకుని కూర్చునే వైరస్ డీఎన్ఏని ఈ మందులు కదిలించలేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం మన దేశంలో సుమారు 2.98 కోట్ల మంది హెపటైటిస్ బీతో బతుకుతున్నారు. కాబట్టి నా ఓటు బీకే. కింద చెప్పేదంతా దాని గురించే. సీ గురించి చివర్లో నాలుగు ముక్కలు చెబుతాను.

టీకా, కాగితాలు

ల్యాబ్‌లో వాడే హెప్‌జీ2.2.15 కణాలు (హెపటైటిస్ బీ జన్యువు చొప్పించిన కాలేయ కణాలు) ఉత్త ప్రోటీన్లను వదిలి ఊరుకోవు, అంటుకునే వైరస్‌నే వదులుతాయి. కాబట్టి ఇది బయోసేఫ్టీ రెండో స్థాయి పని. పని మొదలుపెట్టక ముందే 0, 1, 6 నెలల లెక్కన మూడు డోసుల టీకా పూర్తి కావాలి. చివరి డోసు తర్వాత నెల, రెండు నెలల మధ్యలో యాంటీబాడీ పరీక్ష చేయించుకుని మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లకు తక్కువ లేదని చూసుకోవాలి. చాలామంది టీకా వేయించుకుంటారు, ఈ పరీక్ష మాత్రం వదిలేస్తారు. ఎండిన మరక మీద కూడా ఈ వైరస్ ఏడు రోజుల దాకా బతికుంటుంది. బల్లలు ఒక శాతం హైపోక్లోరైట్‌తో తుడవండి, ఆ ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోండి. సూది గుచ్చుకుంటే దాచుకోకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఈ కణాల్లో వైరస్ జన్యువును చొప్పించారు గనక సంస్థ బయోసేఫ్టీ కమిటీ అనుమతి ఉండాలి. రోగుల సీరం వాడితే ఎథిక్స్ కమిటీ అనుమతి కూడా. అడవిలో మొక్క కోస్తే అటవీ శాఖకు అర్జీ పెట్టాలి. పేటెంటు ఆలోచన ఉంటే జీవవైవిధ్య చట్టం, 2002 చెప్పే షరతులు ముందే చదువుకోండి. థీసిస్ అంతా అయ్యాక చదివితే ఏడుపొస్తుంది.

మొక్క దగ్గరే సగం ప్రాజెక్టు

నేను మొదటిసారి నేల ఉసిరి కోసం పూర్ణా మార్కెట్ దగ్గర ఒక మూలికల దుకాణానికి వెళ్లాను. ఎండు మొక్కల కట్ట విప్పి చూస్తే అందులో మూడు రకాలు ఉన్నాయి. అడిగితే ఆయన నవ్వి, "ఏటి బాబూ, అన్నీ నేల ఉసిరే. కామెర్లకి ఏదైనా పనిచేస్తాది" అన్నాడు. ఆయన వ్యాపారానికి అది సరిపోతుంది, మన పట్టికకు సరిపోదు.

పరిశోధనల్లో ఎక్కువగా కనిపించేది ఫిల్లాంథస్ అమరస్. దాన్ని మిగతావాటి నుంచి వేరుచేయడానికి చేతి లెన్స్ చాలు. అమరస్‌కి పూరేకులు అయిదు. కాయ నున్నగా, చిన్న కాడకు వేలాడుతూ ఉంటుంది. గింజ మీద నిలువు గీతలు ఉంటాయి. దాని దాయాది ఫిల్లాంథస్ యూరినేరియాకి పూరేకులు ఆరు, కాండం ఎర్రబారి ఉంటుంది. కాయ కొమ్మకు అతుక్కున్నట్టు ఉండి, పైన గరుకుగా తగులుతుంది. గింజ మీద గీతలు అడ్డంగా ఉంటాయి. మదరాస్‌పటెన్సిస్ ఆకు కొస వెడల్పుగా, మొదలు సన్నగా ఉంటుంది. ఆకులు తిప్పి, కొమ్మ అడుగున వరసగా ఉన్న కాయలను లెన్స్‌లో చూడండి. పది మొక్కలు చూసేసరికి కన్ను అలవాటు పడుతుంది.

అటికమామిడి విషయంలోనూ ఇదే గోల. దాన్నీ గలిజేరునూ ఒకే బస్తాలో కలిపి అమ్మడం మామూలే. నేలవేముకీ గుంటగలగరకూ అంత ఇబ్బంది లేదు. ఒకటి నాలుక మీద పెట్టగానే తెలిసిపోతుంది, రెండోది నలిపితే వేళ్లు నల్లబడతాయి.

నా మాట వింటే బజారు సరుకు వద్దు, మీరే కోసుకోండి. జూన్ వానలు పడ్డాక నేల ఉసిరి ఖాళీ స్థలాల్లో, పెరళ్లలో కలుపు మొక్కలా లేస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో పువ్వూ కాయా రెండూ ఉంటాయి, గుర్తుపట్టడం తేలిక. ఎక్కడ కోశారన్నది మాత్రం చూసుకోవాలి. పోర్టు పక్క కాలనీల్లో ఆకు మీద వేలితో రాస్తే బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి నల్లగా అంటుకుంటుంది. ఫ్యాక్టరీల వాడల్లో, హైవే అంచుల్లో, గడ్డి మందు కొట్టిన లేఅవుట్లలో కోయకండి. భార లోహాలకు కణాలు చచ్చిపోతే ఆ నింద మొక్క మీద పడుతుంది. కోసిన చోటు, తేదీ, మొక్క దశ పుస్తకంలో రాసుకుని, వేరుతో సహా ఒక నమూనా నొక్కి ఆరబెట్టండి. ఆంధ్రా యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగం లాంటి చోట నిపుణులకు చూపించి, హెర్బేరియంలో పెట్టించి, ఆ నంబరు తీసుకోండి. ఆ నంబరు లేకపోతే రేపు మీ ఫలితం ఏ మొక్కదో ఎవరూ చెప్పలేరు.

తర్వాతి గండం ఆరబెట్టడం. "నీడలో ఆరబెట్టవలెను" అని పుస్తకాలు రాస్తాయి. రాసినవాళ్లు సెప్టెంబరులో విశాఖలో ఉండి ఉండరు. ఈ సముద్రపు చెమ్మకి మేడ మీద పరిచిన ఆకు మూడో రోజుకు ముక్కిపోయిన వాసన వేస్తుంది, అయిదో రోజుకు కాడల దగ్గర తెల్లటి బూజు కనిపిస్తుంది. బూజు పడితే అఫ్లటాక్సిన్ చేరే ప్రమాదం ఉంది, అది కాలేయానికి విషం. కాలేయం మందు వెతుకుతూ కాలేయం విషాన్ని పరీక్షించినట్టవుతుంది. కడిగి, నీళ్లు ఓడ్చి, 40 డిగ్రీల హాట్ ఎయిర్ ఓవెన్‌లో పలచగా పరచండి. వరసగా రెండు రోజులు తూకం మారకపోతే ఆరినట్టు. పొడి కొట్టి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచండి.

సారం తీయడం

రెండు రకాలూ తీయమంటాను. ఒకటి జనం తాగే పద్ధతిలో నీళ్ల కషాయం. రెండోది 70 శాతం ఇథనాల్ సారం. ఫిల్లాంథిన్ లాంటి లిగ్నాన్లు నీళ్లలో సరిగ్గా దిగవు, ఆల్కహాల్లో దిగుతాయి. జెరానిన్, కొరిలాజిన్ లాంటి టానిన్లు రెండింట్లోనూ వస్తాయి.

100 గ్రాముల పొడికి లీటరు ద్రావకం. ఇథనాల్ అయితే 24 గంటలు షేకర్ మీద పెట్టి వడకట్టాలి, మిగిలిన పిప్పితో మరో రెండుసార్లు అదే పని చేయాలి. రోటరీ ఎవాపొరేటర్‌లో 40 డిగ్రీలు దాటనివ్వకుండా ఇంకించి, ఆ తర్వాత లయోఫిలైజర్‌లో పెట్టండి. ఎన్ని గ్రాములు వచ్చిందో తూచి, శాతం రాసుకోండి. మైనస్ 20లో చిన్న చిన్న గొట్టాల్లో దాచుకుంటే మాటిమాటికీ కరిగించి గడ్డకట్టించే బాధ తప్పుతుంది. ప్రతి బ్యాచ్‌నీ హెచ్‌పీటీఎల్‌సీ (సారంలోని పదార్థాలను పలక మీద విడదీసి చూపే పద్ధతి) మీద ఫిల్లాంథిన్ మార్కర్‌తో పోల్చి ఫొటో తీసి పెట్టుకోండి. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా వచ్చినప్పుడు ఆ ఫొటోనే సాక్ష్యం.

ఇథనాల్ సారాన్ని డీఎంఎస్ఓ అనే ద్రావకంలో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల స్టాక్‌గా కరిగించండి. పలచన చేసే మెట్లన్నీ డీఎంఎస్ఓలోనే చేసుకోండి: 100, 50, 25, 12.5, 6.25, 3.125. ప్రతి దాని నుంచి 2 మైక్రోలీటర్లు తీసి ఒక మిల్లీలీటరు మీడియంలో (కణాలను పెంచే పోషక ద్రవం) వేస్తే 200 నుంచి 6.25 మైక్రోగ్రాముల దాకా వరస తయారవుతుంది, డీఎంఎస్ఓ మాత్రం అన్నింట్లోనూ 0.2 శాతమే ఉంటుంది. మీడియంలో పలచన చేసుకుంటూ పోతే డోసుతో పాటు డీఎంఎస్ఓ కూడా మారుతుంది, అప్పుడు ఏది దేని ప్రభావమో తేలదు.

ఇంకో చిన్న సంగతి. 0.22 మైక్రాన్ ఫిల్టర్ గుండా పోనిచ్చాక ఫిల్టర్ మీద గోధుమరంగు మడ్డి మిగిలిందంటే మీ 200 ఇక 200 కాదు. అప్పుడు కరిగిన మేరకే లెక్క కట్టాలి. కలిపిన మీడియం చుక్కని మైక్రోస్కోప్ కింద పెట్టి మడ్డి కణాలు తేలుతున్నాయేమో కూడా చూడండి.

కణాలు

హెప్‌జీ2 అనేది ఒక బాలుడి కాలేయ కణితి నుంచి వచ్చిన కణ వరస. 1987లో న్యూయార్క్ పరిశోధకులు దాంట్లో హెపటైటిస్ బీ జన్యువును చొప్పించి హెప్‌జీ2.2.15ని తయారుచేశారు. మామూలు హెప్‌జీ2 పుణేలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం నుంచి తెప్పించుకోవచ్చు. 2.2.15ని మాత్రం ఇప్పటికే వాడుతున్న ల్యాబ్‌తో ఒప్పంద పత్రం రాసుకుని తెచ్చుకోవాలి. రెండూ కావాలి. వైరస్ లేని హెప్‌జీ2 మీ పోలిక.

37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, 10 శాతం ఫీటల్ బోవైన్ సీరం. చొప్పించిన జన్యువు జారిపోకుండా జీ418 అనే యాంటీబయాటిక్ కలుపుతారు. ఈ కణాలకు గుంపు కట్టే గుణం ఎక్కువ. కణాలను ఊడదీసే ట్రిప్సిన్ వేశాక పిపెట్‌తో ఓపిగ్గా ఆడించకపోతే ప్లేటులోని ఒక వెల్ (గుంట)లో కుప్ప, పక్క వెల్‌లో ఎడారి. కణాల్లో కనపడకుండా చేరే బ్యాక్టీరియా మైకోప్లాస్మా ఉందేమో వచ్చిన రోజే పరీక్ష చేయించండి.

మా ఊళ్లో ఇంకో జాగ్రత్త కూడా కావాలి. అక్టోబరు, నవంబరు తుపాను నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ఇన్‌క్యుబేటర్లో కణాలు పోతే మళ్లీ పెంచుకోవచ్చు, దాచుకున్న గొట్టాలు కూడా పోతే ఏడాది పోయినట్టే. ద్రవ నైట్రోజన్‌లో రెండు వేర్వేరు చోట్ల నిల్వ పెట్టుకోండి. తొమ్మిది రోజుల ప్రయోగాన్ని వాయుగుండం వార్త చూశాక మొదలుపెట్టకండి.

మందా, విషమా

కణాలు చచ్చిపోతే వైరస్ కూడా తగ్గుతుంది. యాసిడ్ పోసినా తగ్గుతుంది. అందుకే ముందు ఎంత డోసు దాకా కణాలు క్షేమంగా ఉంటాయో తేల్చాలి.

96 వెల్స్ ప్లేటులో వెల్‌కి పది వేల కణాలు వేసి, ఒక రోజు అతుక్కోనిచ్చి, సారం కలపండి. అంచు వెల్స్‌లో కణాలు పెట్టకుండా ఉప్పు బఫర్ పోసి వదిలేయండి. తొమ్మిది రోజుల్లో అంచుల్లో నీరు ఆవిరై మందు చిక్కబడిపోతుంది. చివర్లో మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాముల చొప్పున ఎంటీటీ అనే రంగు పదార్థం వేసి మూడు నాలుగు గంటలు ఉంచి, ఏర్పడిన ఊదా రంగును డీఎంఎస్ఓలో కరిగించి 570 నానోమీటర్ల దగ్గర చదవాలి. సగం కణాలను చంపే డోసు సీసీ50.

ఇక్కడ రెండు గోతులు ఉన్నాయి. మొదటిది, ఎంటీటీని ఊదాగా మార్చేది బతికున్న కణం ఒక్కటే కాదు. మొక్కల్లోని పాలీఫినాల్స్ కూడా ఆ పని చేస్తాయి. కణాలే లేని వెల్‌లో ఉత్త మీడియం, సారం, ఎంటీటీ వేసి చూడండి. నేల ఉసిరి కషాయంతో అయితే కళ్లెదుటే ఊదాగా మారుతుంది. అంటే కణాలన్నీ చచ్చినా రీడర్ "బతికే ఉన్నాయి" అంటుంది. ఎంటీటీ వేసే ముందు సారాన్ని తీసేసి, రెండుసార్లు కడగండి. న్యూట్రల్ రెడ్ లాంటి రెండో పరీక్ష కూడా పెట్టుకోండి.

రెండో గొయ్యి కాలానిది. వైరస్ పరీక్ష తొమ్మిది రోజులు చేసి, విషం పరీక్ష రెండు రోజులే చేసేవాళ్లు ఎందరో. ఉదాహరణకు వైరస్‌ని సగానికి తగ్గించే డోసు 40 మైక్రోగ్రాములు అనుకుందాం. రెండు రోజుల పరీక్షలో సీసీ50 520 వస్తే నిష్పత్తి 13, సంబరం. అదే సారానికి తొమ్మిది రోజుల సీసీ50 120 అయితే నిష్పత్తి 3. మొక్క అదే, కణాలు అవే, క్యాలెండర్ మారిందంతే. రెండు పరీక్షలకూ ఒకటే వ్యవధి ఉండాలి, దీనికి మినహాయింపు లేదు.

అసలు పరీక్ష

24 వెల్స్ ప్లేటులో వెల్‌కి లక్ష కణాలు. అతుక్కున్నాక సీసీ50కి బాగా కింద ఉన్న డోసులతో మొదలుపెట్టి, మూడు రోజులకోసారి పాత మీడియం తీసి కొత్త మీడియం, కొత్త సారం వేయాలి. 3, 6, 9 రోజుల మీడియాన్ని సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన ద్రవాన్ని మైనస్ 80లో దాచండి. చివరి రోజు వెల్స్‌లో మిగిలిన కణాలను కూడా లెక్కపెట్టండి.

పక్కన ఏమేం పెట్టాలి? సారం లేని వెల్, 0.2 శాతం డీఎంఎస్ఓ వెల్, హెపటైటిస్ బీ మందు లామివుడిన్ వేసిన వెల్ ఎలాగూ ఉంటాయి. నేను ఇంకోటి కలుపుతాను: కామెర్లకు వాడతారని ఎవరూ అనని ఆకు ఒకటి. నేను తోటకూర వాడాను. అదే పద్ధతిలో సారం తీసి అవే డోసులు. తోటకూర కూడా వైరస్‌ని తగ్గిస్తే తప్పు మొక్కలది కాదు, పరీక్షది.

లామివుడిన్ గురించి ఒక మాట. అది వైరస్ రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్‌ని ఆపుతుంది. అంటే కొత్త డీఎన్ఏ తయారీ పడిపోతుంది, సర్ఫేస్ ఆంటిజెన్ తయారీ దాదాపు అలాగే సాగుతుంది. ఎలీసాలో (యాంటీబాడీలతో ఆంటిజెన్‌ని రంగుగా చూపే పరీక్ష) లామివుడిన్ వెల్ తగ్గలేదని కంగారుపడి మందు చెడిపోయిందేమోనని కొత్త సీసా కొన్నవాళ్లు నాకు తెలుసు. డీఎన్ఏలో అది బాగా పడాలి, ఆంటిజెన్‌లో పడకపోవడమే సరైన నడత. ఆంటిజెన్‌కి పోలిక కావాలంటే ఆ జన్యువును మూయించే ఎస్ఐఆర్ఎన్ఏ లాంటిది వెతుక్కోవాలి.

తెల్లబడ్డ ప్లేటు

నా మొదటి ఎలీసా ప్లేటు ఇప్పటికీ కళ్లముందుంది. డీఎంఎస్ఓ వరస ముదురు పసుపు, నేల ఉసిరి వరసలో డోసు పెరిగేకొద్దీ పసుపు పలచబడుతూ చివరి మూడు వెల్స్ నీళ్లలా ఉన్నాయి. ఎగిరి గంతేశాను. అప్పుడే పేపర్ టైటిల్ కూడా ఆలోచించేశాను. ప్లేటు పట్టుకెళ్తే మా గైడ్ మేడమ్ కుర్చీలోంచి లేవలేదు. "పాత మీడియం ఉంది కదమ్మా, సారం తగలనిది? దాంట్లో మీ సారం ఇప్పుడు కలిపి, గంట ఆగి ఎలీసా పెట్టి చూడండి" అన్నారు.

పెట్టాను. కణాలు లేవు, రోజులు గడవలేదు, గొట్టంలో ఆంటిజెన్, సారం మాత్రమే ఉన్నాయి. మళ్లీ అవే మూడు వెల్స్ తెల్లగా.

వైరస్ తయారీ ఆగలేదు. టానిన్లు ప్రోటీన్లకు జిగురులా అతుక్కుంటాయి. పచ్చి వక్క నమిలితే నోరు పట్టేసినట్టు ఉంటుందే, ప్లేటులో జరిగేదీ అదే. ఆంటిజెన్‌కీ, యాంటీబాడీకీ, రంగు పుట్టించే ఎంజైముకీ అన్నింటికీ టానిన్ పూత పడిపోతుంది. రోగి సీరంలో సారం కలిపి నేరుగా ఎలీసా పెట్టి "వైరస్ నిర్వీర్యమైంది" అని రాసే చవక పద్ధతి ఒకటి చాలాకాలంగా ఉంది. ఈ జిగురు సంగతి తెలిశాక ఆ ఫలితాలను నేను నమ్మడం మానేశాను.

దీనికి మందు ఉంది. సారాన్ని పీవీపీపీ పొడితో కలిపి, తిప్పి, వడకట్టండి. టానిన్లు ఆ పొడికి పట్టుకుంటాయి. టానిన్ తీసిన సారం, తీయని సారం రెండూ పక్కపక్కన పరీక్షించండి. ఉత్త టానిక్ యాసిడ్‌ని కూడా ఒక వరసలో పెట్టండి. టానిన్ తీశాక కూడా ప్రభావం నిలిస్తే అప్పుడు ఆశ పెట్టుకోవచ్చు. నా విషయంలో కొద్దిగానే నిలిచింది. ఆ కొద్దే నా థీసిస్.

ఎలీసాలో మరో మోసం కూడా ఉంది. ఆస్పత్రి కిట్లు ఉందా లేదా చెప్పడానికి తయారైనవి. మీడియంలో ఆంటిజెన్ ఎక్కువుంటే రంగు పైన ఆగిపోతుంది, సగానికి తగ్గినా తెలియదు. ముందు మీడియాన్ని 5, 10, 20, 40 రెట్లు పలచన చేసి గీత గీయండి. గీత తిన్నగా పడే పలచనలోనే పని చేయండి.

అదే మీడియంలో అల్బుమిన్ కూడా కొలవండి. అది కణం సొంతంగా వదిలే ప్రోటీన్. ఆంటిజెన్‌తో పాటు అల్బుమిన్ కూడా పడిపోతే మీ సారం కణం గొంతు నొక్కుతోందని అర్థం. అల్బుమిన్ నిలిచి ఆంటిజెన్ పడితేనే వైరస్ మీద గురి ఉన్నట్టు.

పీసీఆర్

మీడియంలో వైరస్ డీఎన్ఏ లెక్కకు రియల్ టైమ్ పీసీఆర్. చచ్చిన కణాల నుంచి కారిన డీఎన్ఏలో కూడా చొప్పించిన వైరస్ జన్యువు ఉంటుంది. కాబట్టి ముందు డీఎన్ఏస్ వేసి బయట తేలే డీఎన్ఏని తినిపించేసి, తర్వాత వైరస్ పెంకు పగలగొట్టి లోపలిది తీయాలి.

టానిన్లూ పాలీఫినాల్సూ ఇక్కడ కూడా వదలవు, పీసీఆర్ నడిపే ఎంజైము టాక్ పాలిమరేజ్‌ని ఆపేస్తాయి. ఎలా పట్టుకోవాలంటే, తీసిన డీఎన్ఏని పది రెట్లు పలచన చేసి మళ్లీ నడపండి. సీటీ (డీఎన్ఏ కనపడటానికి పట్టిన చక్రాల సంఖ్య) సుమారు 3.3 పెరగాలి. 1 మాత్రమే పెరిగినా, పెరగకపోయినా నమూనాలో ఆటంకం ఉంది. దానితో పాటు, డీఎన్ఏ తీసే ముందే ప్రతి గొట్టంలో సంబంధంలేని డీఎన్ఏని ఒకే మోతాదులో కలపండి. చివర్లో ఆ డీఎన్ఏ సీటీ అన్ని గొట్టాల్లో ఒకేలా రావాలి. తెలిసిన మోతాదుల డీఎన్ఏతో గీసే ప్రామాణిక గీత వాలు మైనస్ 3.1కీ మైనస్ 3.6కీ మధ్య ఉండాలి.

లెక్కలు

ఒకే రోజు ఒకే ప్లేటులో పెట్టిన మూడు వెల్స్ మూడు ప్రయోగాలు కావు. వేర్వేరు వారాల్లో, వేర్వేరుగా కరిగించిన కణాలతో మూడుసార్లు చేయాలి. డోసు వక్రరేఖకు నాలుగు పరామితుల సమీకరణం అతికించి ఈసీ50 (వైరస్‌ని సగానికి తగ్గించే డోసు) తీసి, సీసీ50ని దానితో భాగించండి. 10 దాటితే ముందుకెళ్లొచ్చని మా వాళ్ల వాడుక. ముడి సారానికి ఈసీ50 100 మైక్రోగ్రాములు దాటితే నేనైతే వదిలేస్తాను, ఆ గాఢత రక్తంలో రావడం కల్ల.

వక్రరేఖ ఆకారం కూడా చూడండి. డోసుతో పాటు నెమ్మదిగా జారితే సరే. ఒక డోసు దాకా ఏమీ లేక అక్కడ గోడ కూలినట్టు పడిపోతే, సారం మడ్డి కట్టిందేమో చూడాలి.

పనిచేస్తే తర్వాత?

హెక్సేన్, ఇథైల్ అసిటేట్, బ్యూటనాల్, నీరు అని సారాన్ని విడగొట్టి, ప్రతి భాగాన్నీ మళ్లీ పరీక్షించి, బలమున్న భాగాన్ని మళ్లీ విడగొట్టుకుంటూ పోవాలి. ఓపిక పని. విడగొట్టేకొద్దీ బలం పెరగాలి. ప్రతి భాగంలో కొంచెం కొంచెం కనిపించి ఎక్కడా పెరగకపోతే తెల్లబడ్డ ప్లేటును గుర్తుచేసుకోండి.

హెప్‌జీ2.2.15 చెప్పలేనివి కూడా ఉన్నాయి. అందులో వైరస్ బయటి నుంచి దూరదు, జన్యువు ముందే లోపలుంది. ప్రవేశాన్ని అడ్డుకునే సారం ఇందులో దొరకదు. దానికి వైరస్ కణంలోకి దూరే ద్వారంగా 2012లో కనిపెట్టిన ఎన్‌టీసీపీ గ్రాహకం ఉన్న కణాలు కావాలి. ఈ కణాల్లో మందును మార్చే కాలేయ ఎంజైములు కూడా తక్కువ. ప్లేటు మీద సాధువులా కనిపించిన సారం అసలు కాలేయంలో విషంగా మారొచ్చు. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు.

సీ వైరస్ చేసేవాళ్లకు హుహ్7 అనే కాలేయ కణాల్లో రెప్లికాన్ (తనను తాను నకలు చేసుకునే వైరస్ ఆర్ఎన్ఏ ముక్క) ఉంది. 1999లో జర్మనీ పరిశోధకులు తయారుచేసింది, అంటుకునే వైరస్ పుట్టదు, కొత్తవాళ్లకు అదే మేలు. వెలుగు కొలిచే లూసిఫరేజ్ రకమైతే, రెస్వెరట్రాల్ లాంటి మొక్కల పదార్థాలు మిణుగురు లూసిఫరేజ్‌నే నేరుగా ఆపేస్తాయని గుర్తుంచుకోండి. ఆర్ఎన్ఏని వేరుగా కొలవక తప్పదు.

మీరు ఈ పని చేస్తున్నారని తెలిస్తే చుట్టాలు ఫోన్ చేస్తారు. నాకూ వచ్చింది. పెందుర్తి నుంచి మా పిన్ని, "మీ బాబాయికి బీ ఉందిగా, ఆ మాత్ర మానేసి నువ్వు చేసే ఆకు ఇద్దామా?" అంది. వద్దని గట్టిగా చెప్పాను. టెనోఫోవిర్ హఠాత్తుగా మానేస్తే అణిగి ఉన్న వైరస్ ఒక్కసారిగా ఎగదన్ని కాలేయం చేతులెత్తేసే ప్రమాదం ఉంది. బాబాయి మాత్ర వేసుకుంటూనే ఉన్నాడు. పిన్ని మాత్రం పెరట్లో నేల ఉసిరి పీకకుండా అట్టేపెట్టింది. అది నాకు కలిసొచ్చింది. వచ్చే ఆగస్టులో అదే పెరట్లో, అదే మూల నుంచి మళ్లీ కోసి, ఇదంతా మొదటి నుంచి నడపాలి. రెండో ఏడాది పంట ఈసీ50 మొదటి ఏడాది దానికి దగ్గరగా వస్తేనే పేపర్ పంపుతాను.